చేత్తో ఏరడమా, వలతో లాగడమా?

సముద్ర జీవులను సేకరించే రెండు పద్ధతులను పోల్చి చూద్దాం. 1940 మార్చిలో సముద్ర జీవశాస్త్రవేత్త ఎడ్ రికెట్స్ బృందం కాలిఫోర్నియాలోని మాంటెరే నుంచి వెస్టర్న్ ఫ్లయర్ అనే సార్డీన్ల పడవలో బయల్దేరింది. సుమారు ఆరు వారాలు కాలిఫోర్నియా సింధుశాఖ తీరం వెంట తిరిగారు. ఆటు సమయంలో నీళ్లు తీయగానే రాళ్ల మీదికి దిగి పీతలు, సముద్ర నక్షత్రాలు, పురుగులు చేత్తో ఏరుకున్నారు. 500కు పైగా జాతులు దొరికాయి. ఖర్చు తక్కువే గానీ టైమంతా సముద్రం చేతిలోనే. పోటు వచ్చిందంటే ఎక్కడి పని అక్కడ ఆపాల్సిందే.

రెండో పద్ధతి 1872–76లో బ్రిటిష్ పరిశోధన ఓడ ఛాలెంజర్‌ది. ఇనుప చట్రానికి కట్టిన వల సంచిని సముద్రం అడుగుకు దించి ఈడ్చడం. లోతు ఎక్కువైతే ఒక్కసారి దించి తీయడానికే రోజంతా పట్టేది. 4,000కు పైగా కొత్త జాతులు బయటపడ్డాయి, అదేం చిన్న విషయం కాదు. కానీ పైకొచ్చేది బురదతో కలిసిన ముద్ద. సున్నితమైన జీవులు నలిగిపోతాయి. ఏది ఏ రాతి కింద, దేని పక్కన బతికిందో తెలియదు. రికెట్స్‌కు అసలు కావాల్సింది ఆ ఇరుగుపొరుగు వివరమే.

లోతు నీళ్లకు ఈడ్చే సంచి తప్పదు. తీరం వరకైతే నా ఓటు మాత్రం చేతికే, బకెట్‌కే.