ఛేంజ్.ఆర్గ్: సంతకాలు సులువే, ఆ తర్వాతే అసలు పని

ఆన్‌లైన్‌లో సంతకాలు సేకరించేందుకు 2007లో బెన్ రాట్రే మొదలుపెట్టిన ఈ సైటులో పిటిషన్ పెట్టడానికి ఖర్చేమీ లేదు. శీర్షిక, ఎవరిని అడుగుతున్నాం, ఏం అడుగుతున్నాం, ఒక ఫొటో ఉంటే చాలు. ఎక్కువ పిటిషన్లు దెబ్బతినేది ‘ఎవరిని’ అన్న దగ్గరే. ‘ప్రభుత్వం’ అని రాస్తే ఎవరినీ అడిగినట్టు కాదు. ఆ పని మంజూరు చేసే అధికారం ఏ పదవిలో ఉందో కనుక్కుని ఆ పదవినే రాయాలి. ‘రోడ్డు భద్రత పెంచాలి’ అంటే హామీ ఇచ్చి ఊరుకుంటారు. ‘ఈ స్కూలు ముందు స్పీడ్ బ్రేకర్ వేయాలి’ అంటే అవుననో కాదనో చెప్పక తప్పదు.

సంతకం చేయగానే డబ్బు అడుగుతుంది. చాలామంది దాన్ని బాధితులకిచ్చే విరాళం అనుకుంటారు. కాదు, ఆ సొమ్ము సైటుకే వెళ్తుంది, బదులుగా పిటిషన్‌ను ఇంకొందరికి చూపిస్తుంది. 2020లో అమెరికాలో పోలీసు చేతిలో చనిపోయిన జార్జ్ ఫ్లాయిడ్‌కు న్యాయం కోరిన పిటిషన్‌కు 1.9 కోట్లకు పైగా సంతకాలు వచ్చాయి, ప్రచారానికని ఇచ్చిన డబ్బు మాత్రం ఆ కుటుంబానికి వెళ్లలేదు. సైటు ఈ సంగతి ఇంకా పెద్ద అక్షరాల్లో చెప్పాలి.

పేరు అందరికీ కనిపించాలా అని అడిగే టిక్‌ను యాజమాన్యానికి వ్యతిరేకంగా సంతకం చేసే ఉద్యోగి తీసేయాలి. అయినా పిటిషన్ పెట్టినవారికి పేరు తెలుస్తుంది.

ఇందులో నిజంగా పనికొచ్చేది అప్‌డేట్, అంటే పిటిషన్ పెట్టినవారు సంతకం చేసినవాళ్లకు సైటు ద్వారా పంపే సందేశం. సంతకందారుల ఈమెయిళ్లు మన చేతికి రావు, వాళ్లను మళ్లీ కదిలించాలంటే ఇదొక్కటే దారి. వేడి చల్లారకముందే ఒక చిన్న పని అప్పగించాలి: ఫలానా రోజు విచారణకు రండి, ఈ ఆఫీసుకు ఉత్తరం రాయండి. అంకె చూసి ఎవరూ కదలరు, ఎదురుగా వచ్చి నిలబడ్డ పాతికమందిని చూసి కదులుతారు.

ప్రమాదమంతా మామూలు మనుషుల పేర్లు పెట్టడంలో ఉంది. 2013 బోస్టన్ మారథాన్ పేలుళ్ల తర్వాత రెడ్డిట్ అనే చర్చా సైటులో జనం ఫొటోలు పోల్చి, ఏ సంబంధమూ లేని ఒక విద్యార్థిని అనుమానితుడిగా ప్రచారం చేశారు. ఆ కుటుంబం పడ్డ నరకాన్ని ఏ క్షమాపణా తుడవలేదు. వైరల్ క్లిప్ ఆధారంగా ‘ఇతన్ని ఉద్యోగంలోంచి తీసేయండి’ అనే పిటిషన్‌కూ ఇదే ముప్పు. విచారణ జరపమని సంస్థను అడగండి, వ్యక్తి పేరు, ఫొటో వద్దు.

ఒకవేళ తప్పు జరిగితే పిటిషన్‌ను వెంటనే డిలీట్ చేయకండి. ముందు సవరణను అప్‌డేట్‌గా పంపండి. దాన్ని ఊరంతా పంచింది సంతకం చేసినవాళ్లే కాబట్టి నిజం మొదట వాళ్లకే చేరాలి. డిలీట్ చేశాక వాళ్లను చేరే దారి ఉండదు.