మద్యనిషేధం నాటి రవాణా కేసులు వెతకడానికి ఇండియన్ కానూన్ ఎంత పనికొస్తుంది?

1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలింది. ఆనాటి మద్యం రవాణా కేసుల తీర్పులు పైసా ఖర్చు లేకుండా చదవాలంటే జూనియర్ లాయర్లు మొదట వెళ్లాల్సింది ఇండియన్ కానూన్ సైటుకే. కాకపోతే వెతికే పద్ధతి తెలియాలి.

చాలామంది ‘క్రిమినల్ అప్పీల్’ అని కొట్టి, తేదీలు 1995 నుంచి 1997 వరకు పెట్టి, ఏమీ లేదని వదిలేస్తారు. మేజిస్ట్రేటు శిక్ష వేస్తే అప్పీలు 30 రోజుల్లో సెషన్స్ కోర్టుకు వెళ్తుంది (అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, సీఆర్‌పీసీ 374(3)). అక్కడా ఓడితే హైకోర్టుకు వచ్చేది 397, 401 సెక్షన్ల కింద, కింది కోర్టు తీర్పును సరిచూడమని కోరే రివిజన్‌గా. అందుకే ‘క్రిమినల్ రివిజన్ కేస్’ అని వెతకాలి. 1996 నేరం మీద రివిజన్ తేలేసరికి ఏళ్లు గడిచిపోతాయి, కాబట్టి ముగింపు తేదీని కనీసం 2010 దాకా జరపండి. ఆనాటి సెషన్స్ తీర్పుల మీద మాత్రం ఇక్కడ ఆశ పెట్టుకోవద్దు.

పదబంధాన్ని కొటేషన్లలో పెట్టండి. రెండు మాటలూ ఉండాలంటే మధ్యలో రెండు ‘డి’లతో (ANDD) ‘ఆండ్‌డ్’, ఏదో ఒకటి చాలంటే రెండు ‘ఆర్’లతో (ORR) ‘ఓఆర్ఆర్’ కొట్టాలి. సారాను ఒక తీర్పు ‘అరాక్’ అంటే ఇంకొకటి ‘ఐడీ లిక్కర్’ (దొంగచాటుగా కాచిన సారా) అంటుంది. రెండూ వెతకకపోతే సగం కేసులు జారిపోతాయి. సడలింపు తర్వాత కూడా సారా కేసులు అదే 1995 మద్యనిషేధ చట్టం కింద నడుస్తున్నాయి కనుక, తీర్పు తేదీ కాక నేరం తేదీ చూసి వేరుచేసుకోండి.

ఈ సైటులో అసలు సిసలు సదుపాయం ఒక తీర్పును తర్వాత ఏయే తీర్పులు ఉదహరించాయో చూపే జాబితా. మంచి తీర్పు ఒక్కటి దొరికితే చాలు, దాని వెంబడే మిగతావీ వస్తాయి. చదివేటప్పుడు పంచనామా దగ్గర ఆగండి. మధ్యవర్తులు (పంచనామా సాక్షులు) ఎదురు తిరిగారా, శాంపిల్ సీసా మీద సీలు, సంతకాల చీటీ ఉన్నాయా, అది కెమికల్ ఎగ్జామినర్‌కు ఏ రోజు చేరింది, అందాకా ఎవరి దగ్గరుంది? బండిలో సరుకు ఉన్నట్టు డ్రైవరుకు తెలుసా లేదా అన్నదీ ముఖ్యమే. రవాణా కేసు నిలిచేదీ వీగేదీ ఎక్కువగా వీటి మీదే.

పాత తీర్పుల పాఠంలో అక్షరదోషాలుంటాయి, సెక్షన్ నంబర్లను చట్టంతో సరిచూసుకోవాలి. కోర్టులో దాఖలు చేయడానికి ఈ ప్రింటు చాలదు, హైకోర్టు కాపీయింగ్ సెక్షన్‌లో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టుకోండి.