టౌన్‌హాల్‌గా మారిన ప్యాలెస్: డిజోన్ మేలా, బోర్డో మేలా?

పారిస్ చూశాక ఒక రోజు మిగిలింది, వర్సాయ్ జనంలో మళ్లీ పడలేం, ఇంకేదైనా పాత ప్యాలెస్ ఉందా? వేసవి వస్తే చాలు, నన్ను ఇదే అడుగుతారు. నేను చెప్పేవి రెండు: డిజోన్‌లో బుర్గుండీ డ్యూకుల ప్యాలెస్, బోర్డోలో పలే రోహాన్. రెండింట్లోనూ ఇప్పుడు నడుస్తున్నది మేయర్ ఆఫీసే. పారిస్ నుంచి టీజీవీ అనే వేగపు రైల్లో డిజోన్‌కు గంటన్నర పైచిలుకు, బోర్డోకు రెండు గంటల పైచిలుకు.

కట్టడం అందం వరకే అయితే బోర్డోకే నా ఓటు. ఆర్చిబిషప్ రోహాన్ కోసం 1771లో మొదలుపెట్టి 1784కి ముగించారు. ఒక్క ఊపులో లేచిన ఇల్లు కనక ఎక్కడా అతుకు కనపడదు. భోజనశాల గోడల మీద చెక్కిన బొమ్మలున్నాయనుకుంటాం. దగ్గరికెళ్తే చిత్రకారుడు పియర్ లాకూర్ బూడిదరంగుతో చేసిన కనికట్టు. డిజోన్‌ది అతుకుల బొంత: 15వ శతాబ్దపు బురుజు, దాని ముందువైపు రెండు శతాబ్దాల తర్వాత కట్టిన ముఖభాగం.

అయితే ఆఫీసుగా మారిన ప్యాలెస్‌కి వెళ్లేటప్పుడు నేను చూసేది ఒక్కటే: నేను వెళ్లిన రోజున తలుపు తీసుంటుందా? బోర్డోలో లోపలికి గైడ్‌తోనే, వాళ్లిచ్చిన వేళకే. ముందే బుక్ చేసుకోవాలి. లేదంటే గేటు బయట నిలబడి పెళ్లివారిని చూడాలి. చర్చిలో ఎంత ఘనంగా చేసుకున్నా మేయర్ ఆఫీసులో సంతకం పడందే ఫ్రాన్స్‌లో చట్టం ఒప్పుకోదు. అక్కడ కెథడ్రల్ ఎదురుగానే, మధ్యలో ట్రామ్ పట్టాలు దాటితే రెండో పెళ్లి!

డిజోన్‌లో ఈ బాధ లేదు. ప్యాలెస్‌లో ఒక భాగం మ్యూజియం, శాశ్వత ప్రదర్శనకు టికెట్ కూడా లేదు. కావలి వాళ్ల హాల్లో ఇద్దరు డ్యూకుల సమాధులున్నాయి. పైన పడుకున్న ప్రభువులను వదిలేసి మోకాళ్ల మీద కూర్చోండి. కింద జానెడున్నర, రెండు జానల అలబాస్టర్ (పాలరాయిలాంటి మెత్తటి రాయి) మనుషులు వరసగా నడుస్తుంటారు. ఒకడు ముసుగు మొహం మీదికి లాక్కున్నాడు, ఒకడు అంగీ అంచుతో కన్నీళ్లు తుడుచుకుంటున్నాడు. నేను అరగంట అక్కడే కూర్చున్నా. బయట వాకిట్లో డ్యూకుల వంటశాల ఉంది. దాని నడినెత్తిన పొగగూడు చూస్తే మన పాత పెంకుటిళ్లే గుర్తొస్తాయి.

నార్బోన్‌లోనూ ఆర్చిబిషప్పుల ప్యాలెస్ టౌన్‌హాలే, దక్షిణానికి వెళ్తుంటే దిగండి. పారిస్‌లో సెనేట్ ఉండే లక్సెంబర్గ్ ప్యాలెస్‌ని తోటలోంచి చూస్తే చాలు.

డిజోన్‌కి మాత్రం మంగళవారం వెళ్లకండి, మ్యూజియానికి సెలవు. బురుజుకు 316 మెట్లు, అక్కడికీ గైడ్‌తోనే. పెద్దవాళ్లు వెంట ఉంటే వాళ్లని కింద అర్ధచంద్రాకారపు చౌక్‌లో కాఫీతో కూర్చోబెట్టి మీరు ఎక్కి రండి.