స్పెక్ కిట్ చాన్నాళ్లు వాడాక చెప్తున్నా: చీటీ పాట యాప్ కట్టి చూసిన అనుభవం

ఏం కట్టాలో ముందు వివరంగా రాసుకుని (దాన్నే స్పెక్, అంటే స్పెసిఫికేషన్ అంటారు), ఆ తర్వాతే ఏఐతో కోడ్ రాయించే టూల్ స్పెక్ కిట్. దాన్ని పట్టుకుని చాలా నెలలయింది, ఇంకా వాడుతూనే ఉన్నా, కాకపోతే డాక్యుమెంటేషన్‌లో ఉన్నట్టు పూర్తిగా కాదు, సగమే. ఏ సగం, ఎందుకు అనేదే ఈ రివ్యూ. "ముందు స్పెక్ రాసిస్తే చాలు, కోడ్ కరెక్ట్‌గా దానంతటదే వచ్చేస్తుంది" అని వీడియోల్లో చెప్పేవాళ్లని నమ్మి దిగారనుకోండి, రెండో వారానికి తిట్టుకుంటారు. నాకు దక్కిన లాభం మాత్రం దాదాపు అంతా కోడ్ పుట్టకముందే దక్కింది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 2025 ఫిబ్రవరిలో ఏఐ పరిశోధకుడు ఆండ్రే కర్పాతీ "వైబ్ కోడింగ్" అన్నాడు, ఇక అందరూ ఏఐకి నోటికొచ్చింది చెప్పి యాప్‌లు కట్టడం మొదలెట్టారు, డెమో వరకూ బానే ఉంటుంది, ఆర్నెల్లు నడపాలంటేనే ఏడుపు. దానికి మందుగా జులైలో అమెజాన్ వాళ్ల కిరో (స్పెక్‌తో మొదలెట్టే ఏఐ కోడ్ ఎడిటర్) వచ్చింది, సెప్టెంబర్‌లో గిట్‌హబ్ వాళ్లు స్పెక్ కిట్ ఓపెన్ సోర్స్‌గా వదిలారు. స్పెక్ కిట్ తనంతట తాను కోడ్ రాయదు, కోడ్ రాసే ఏఐ ఏజెంట్లలో కోపైలట్టో క్లాడ్ కోడో జెమినై సీఎల్‌ఐయో మీ దగ్గర ఏదుంటే దాని మీద కూర్చుంటుంది, లోపల ఉన్నదంతా టెంప్లేట్లు, కొన్ని స్క్రిప్టులు, స్లాష్ కమాండ్లు. కాన్‌స్టిట్యూషన్ (ప్రాజెక్ట్ మొత్తానికి రూల్స్), స్పెసిఫై (స్పెక్ రాయడం), క్లారిఫై (అనుమానాలు అడగడం), ప్లాన్ (ఎలా కట్టాలో), టాస్క్స్ (పనుల జాబితా), అనలైజ్ (ఇవన్నీ ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా చూడటం), ఇంప్లిమెంట్ (కోడ్ రాయించడం), ఇదీ వరస. ఇన్‌స్టాల్ గురించి చెప్పేదేం లేదు, యూవీ (పైథాన్ టూల్స్ ఇన్‌స్టాల్ చేసేది) ఉంటే ఒక్క లైను.

టీమ్‌లో పిల్లలకి చూపించాలంటే టూడూ లిస్ట్ యాప్ పనికిరాదు, అందులో తప్పు పోవడానికి ఏముంది కనక. అందుకని చీటీ పాట తీసుకున్నా. అందరికీ తెలిసిన లెక్కే, కానీ ప్రతి మెట్టు దగ్గరా ఒక మెలిక. 20 మంది, నెలకి 5,000, 20 నెలలు, లక్ష రూపాయల చీటీ, కమీషన్ 5 శాతం. (చిట్‌ఫండ్ చట్టంలో నడిపేవాళ్ల కమీషన్ గరిష్ఠం 5 ఉండేది, 2019 సవరణలో 7 చేశారు, సో కాన్‌స్టిట్యూషన్ ఫైల్‌లో "కమీషన్ 7 శాతం దాటితే యాప్ ఒప్పుకోకూడదు" అని మొదటి లైన్లలోనే పెట్టేశా. "డబ్బు లెక్కల్లో టెస్టులు ముందు, కోడ్ తర్వాత" అనేది కూడా అక్కడే.)

స్పెసిఫైకి నేను ఇచ్చింది సగం తెలుగు సగం ఇంగ్లిష్‌లో కొట్టిన ఒక పేరా. దాన్నుంచి యూజర్ స్టోరీలు (వాడేవాళ్లు ఏం చేస్తారో చెప్పే చిన్న కథలు), వాటికి పీ1 పీ2 అని ఏది ముందో చెప్పే ప్రయారిటీలు, ఎఫ్‌ఆర్ (ఫంక్షనల్ రిక్వైర్‌మెంట్) నంబర్లతో రిక్వైర్‌మెంట్లు తీసి పెట్టింది. నేను అడగని ఎస్‌ఎమ్‌ఎస్ రిమైండర్లు, సభ్యుల రేటింగ్ కూడా దూర్చింది, అవి పీకేశా. ఇది ప్రతిసారీ చేస్తుంది, అలవాటు చేసుకోవాలి.

అసలు మజా క్లారిఫైలో ఉంది. స్పెక్ చదివి, ఎక్కడ రెండు అర్థాలొస్తాయో చూసి, ఒక్కో ప్రశ్నా అడుగుతుంది, ఒక విడతకి ఐదు దాటవు. చీటీ ఎత్తుకున్నవాళ్లకి కూడా తర్వాతి నెలల్లో డివిడెండ్ వస్తుందా రాదా? ఇద్దరు ఒకే పాట పాడితే ఎవరికి? ఎవ్వరూ పాడకపోతే? మా టీమ్‌లో ఒక్కో ఊరి నుంచి వచ్చినవాళ్లు ఒక్కో జవాబు చెప్పారు, ఎత్తుకున్నవాళ్లకి డివిడెండ్ లేదనేవాళ్లు ఉన్నారు, అందరికీ సమానం అనేవాళ్లు ఉన్నారు, గంటసేపు వాదన. ఆ వాదన కోడ్ రాసేశాక జరిగి ఉంటే డేటాబేస్ టేబుళ్లే మార్చాల్సొచ్చేది.

కానీ దీనికో హద్దుంది, ఇది ఎవరూ సరిగ్గా చెప్పరు. మీరు రాసినదాంట్లో కంతలు పట్టుకుంటుంది, మీరు అసలు ఎత్తని సంగతి దానికి తట్టదు. యూజర్ స్టోరీలు తెలుగులో రాయమని చెప్పి ఆ ప్రింట్ మా అకౌంట్స్ మేడమ్‌కి ఇచ్చా, ఆవిడ రెండు పేజీలు తిప్పి, "బాబూ, మొదటి నెల పాటెక్కడుంటుంది, నడిపేవాళ్లే తీసుకుంటారు కదా" అన్నారు. నిజమే, ఆ నెల అందరూ పూర్తి 5,000 కట్టాలి, డివిడెండ్ సున్నా. ఏఐ ఒకటో నెల నుంచే వేలం పెట్టేసింది, క్లారిఫైలో కూడా ఆ ప్రశ్న రాలేదు. కోడ్ ఇస్తే ఆవిడ చదివేవారా? చదివేవారు కాదు, స్పెక్ కాబట్టే చదివారు. నా దృష్టిలో ఈ పద్ధతికి మార్కులు వేయాల్సింది ఇక్కడే.

ఇక లెక్క దగ్గరికి వద్దాం. ఒకరు 22,350 తగ్గించి పాడారనుకోండి, కమీషన్ 5,000 పోతే 17,350 మిగిలింది, 20 మందికి పంచితే తలా 867 రూపాయల 50 పైసలు. స్పెక్‌లో "రూపాయికి రౌండ్ చేయాలి" అని మాత్రమే ఉంది. ఏజెంట్ పైథాన్‌లో రౌండ్ ఫంక్షన్ వాడింది, 868 వచ్చింది, ఇరవై మందికి 17,360, అంటే లేని పది రూపాయలు పంచేశాం. పోనీ ఎప్పుడూ పైకే వెళ్తుందా అంటే అదీ లేదు, పైథాన్ సరిగ్గా అర దగ్గర పక్కనున్న సరిసంఖ్యకి పోతుంది, సో 866.50 వస్తే 866 చేస్తుంది, ఆ నెల పది రూపాయలు మిగులుతాయి. ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ, చీటీ అయిపోయాక లెక్క ఎందుకు కలవట్లేదో ఎవడికీ అర్థం కాదు.

మరి టెస్టులు ముందు రాసింది కదా, ఎలా పాసయ్యాయి? తెరిచి చూస్తే, టెస్టులో రావాల్సిన జవాబుని కూడా అదే రౌండ్ ఫంక్షన్‌తో లెక్కేసి పెట్టింది, ఇంక ఫెయిల్ ఎలా అవుతుంది చెప్పండి, జవాబు పత్రం దిద్దేది కూడా రాసినోడే అయితే అందరూ ఫస్ట్ క్లాసే. టాస్క్స్ ఫైల్‌లో మాత్రం ఆ లైను పక్కన చక్కగా టిక్కు.

అప్పట్నుంచి నేను పెట్టుకున్న రూల్ ఒకటే, డబ్బు ఉన్న ప్రతి స్పెక్‌లో చేత్తో లెక్కేసిన టేబుల్ ఉండాలి, టెస్టులు ఆ అంకెలే వాడాలి, ఫార్ములా వాడకూడదు అని కాన్‌స్టిట్యూషన్‌లో ఎక్కించా. చీటీకి ఇలా రాశాం: పైసలు కొట్టెయ్యాలి, మిగిలింది వచ్చే నెలకి కలపాలి. 22,350 పాటకి తలా 867, మిగులు 10. వచ్చే నెల పాట 20,000 అయితే 15,000కి ఆ 10 కలిపి 15,010, తలా 750, మళ్లీ మిగులు 10, కట్టాల్సింది 4,250. ఇలా ఓ నాలుగైదు వరసలు. స్పెక్‌లో ఆ ముక్క మార్చి ప్లాన్, టాస్క్స్ మళ్లీ నడిపితే ఈసారి కోడ్ సరిగ్గా వచ్చింది, రివ్యూ కూడా తొందరగా అయింది, అంకెలు చూసుకోవడమే కదా.

ఇబ్బందులు చెప్పాలంటే మొదటిది చదువు. ఒక్కో ఫీచర్‌కి స్పెక్, ప్లాన్, రీసెర్చ్, డేటా మోడల్, క్విక్‌స్టార్ట్, టాస్క్స్ అని ఫోల్డర్ నిండా ఫైళ్లు. చదివిన విషయమే మూడు చోట్ల మళ్లీ చదవాలి. రసీదుకి ప్రింట్ బటన్ పెట్టమంటే దానికి కూడా యూజర్ స్టోరీలు, సక్సెస్ క్రైటీరియా రాసుకొచ్చింది, బటన్ చేత్తో పెట్టుకుంటే టీ తాగేలోపు అయ్యే పని. టోకెన్ల (ఏఐ చదివే, రాసే మాటల ముక్కలు, బిల్లు వాటి లెక్కనే) ఖర్చు కూడా ఊరికే పోదు, ప్రతి స్టెప్‌లో ఈ ఫైళ్లన్నీ మళ్లీ చదువుతుంది కాబట్టి బిల్లు కనిపిస్తుంది.

రెండోది ఇంకా పెద్దది. రాత్రి పూట ఏదో బగ్ వస్తే ఎవరో కోడ్‌లో డైరెక్ట్‌గా సరిచేస్తారు, స్పెక్ పాతదే ఉండిపోతుంది. నెల తర్వాత ఇంకో ఫీచర్‌కి ఏజెంట్ ఆ పాత స్పెక్ చదివి, సరిచేసినదాన్ని మళ్లీ చెడగొడుతుంది. దీనికి టూల్‌లో పూర్తి విరుగుడు నాకు కనపడలేదు, స్పెక్ మారకుండా లెక్కల కోడ్ మారితే మెర్జ్ చేయం, అంటే అసలు కోడ్‌లో కలపం అని టీమ్‌లో కట్టుబాటు పెట్టుకున్నాం, అంతే.

ఇది వాటర్‌ఫాలే (డాక్యుమెంట్లన్నీ పూర్తయ్యాకే కోడ్ మొదలెట్టే పాత పద్ధతి) కదా అని అడిగే సీనియర్లు ఉన్నారు, ఎస్‌ఆర్‌ఎస్‌లు (సాఫ్ట్‌వేర్ రిక్వైర్‌మెంట్ల పెద్ద డాక్యుమెంట్లు) రాసి రాసి విసిగిపోయిన తరం, వాళ్ల బాధ నాకూ తెలుసు. తేడా ఏంటంటే అప్పట్లో డాక్యుమెంట్‌లో తప్పు బయటపడటానికి నెలలు పట్టేది, ఇప్పుడు మధ్యాహ్నం స్పెక్ మారిస్తే సాయంత్రానికి రన్ అవుతుంది.

ఇప్పుడు నేను వాడేది కాన్‌స్టిట్యూషన్, స్పెసిఫై, క్లారిఫై, పెద్ద ఫీచర్ అయితే ప్లాన్. టాస్క్స్ చూస్తా గానీ ఒక్కో ముక్కా నేనే ఇచ్చి చేయిస్తా, ఇంప్లిమెంట్ కొట్టేసి వెళ్లిపోవడం మానేశా. స్క్రీన్ల పనికి, చిన్న మార్పులకి దీని జోలికి పోను. జీతాలు, వడ్డీలు, ఫీజులు, రూల్స్ మీద రూల్స్ ఉన్న చోట మాత్రం వాడకుండా ఉండను.

చీటీ యాప్‌లో లేట్‌గా కట్టేవాళ్ల ఫీచర్ ఇంకా స్పెక్ దగ్గరే ఆగుంది. గడువు దాటినవాళ్లకి ఆ నెల డివిడెండ్ ఇవ్వాలా, కోయాలా, కోస్తే ఆ డబ్బు మిగతావాళ్లకా, నడిపేవాళ్లకా? అకౌంట్స్ మేడమ్ ఒకటంటారు, టీమ్‌లో పిల్లలు ఇంకోటంటారు. అది తేలేదాకా ప్లాన్ కమాండ్ కొట్టట్లేదు.