"అర్జెంట్ సార్" గోలలో వాట్సాప్ బిజినెస్: జూలై అంతా వాడి చూశా

తెనాలిలో చిన్న టాక్స్ ఆఫీసు నాది. నేనూ, ఒక అసిస్టెంటూ, అంతే. జూలై అంటే 11లోపు జీఎస్టీఆర్ 1 (జీఎస్టీలో అమ్మకాల వివరాలు), 20లోపు 3బీ (ఆ నెల జీఎస్టీ లెక్క), 31కి టీడీఎస్ (ముందే కోసుకున్న పన్ను) రిటర్నులు, అదే 31కి జీతాలవాళ్ళ ఐటీ రిటర్నులు. ఇదివరకు క్లయింట్ల మెసేజ్‌లన్నీ నా సొంత నంబరుకే వచ్చి పడేవి, చుట్టాల పెళ్ళి ఫోటోల మధ్య ఎవరి పాన్ కార్డు ఎక్కడుందో వెతుక్కునేవాణ్ణి. ఈసారి జూన్‌లోనే కొత్త సిమ్ తీసుకుని ఓ పాత ఫోన్‌లో వాట్సాప్ బిజినెస్, అంటే వ్యాపారాల కోసం వాట్సాప్ వాళ్ళదే వేరే యాప్, వేశా. యాప్ ఫ్రీనే.

బాగా పనికొచ్చింది లేబుల్స్. ఒక్కో చాట్‌కి ఒక రంగు లేబుల్ తగిలించుకోవచ్చు, పేరు మనిష్టం. నేను రెండు పెట్టా: "అర్జెంట్ అంటున్నారు", "నిజంగా అర్జెంట్". నవ్వకండి, అప్పటిదాకా నా దగ్గర ఎవరు ఎక్కువ సార్లు ఫోన్ చేస్తే వాళ్ళ పనే ముందయ్యేది. రోజుకి మూడు సార్లు ఫోన్ చేసే ఆయనకి ఒకటే ఫారం 16 (జీతం, కోసిన పన్ను చూపిస్తూ కంపెనీ ఇచ్చే కాగితం), వచ్చేది రిఫండు, నాలుగు రోజులు ఆగినా పోయేదేం లేదు. షేర్లలో నష్టపోయి నోరెత్తకుండా కూర్చున్న ఆయన రిటర్ను గడువు దాటితే మాత్రం ఆ నష్టాన్ని వచ్చే ఏళ్ళ లాభాల్లో చూపించుకునే అవకాశం పోతుంది. ఆయనది ముందు వేశా.

క్విక్ రిప్లై కూడా హాయి. స్లాష్ కొట్టి ఒక చిన్న మాట టైప్ చేస్తే ఫారం 16, బ్యాంక్ స్టేట్‌మెంట్, ఏఐఎస్ (ఐటీ శాఖ దగ్గరున్న మన ఆదాయ, లావాదేవీల పట్టిక) పంపండి అనే జాబితా మొత్తం వెళ్ళిపోతుంది.

ఇక "అవే" (away) మెసేజ్, అంటే ఆఫీసు మూశాక దానంతటదే వెళ్ళే జవాబు. ఎవరికి వెళ్ళాలో సెట్టింగ్స్‌లో ఎంచుకోవాలి, నేను చూడకుండా అందరికీ అని వదిలేశా. మా మావయ్య రిటర్నూ నేనే వేస్తాను కాబట్టి ఆయన దగ్గరా ఈ నంబరే ఉంది. రాత్రి "రేపు భోజనానికి వస్తున్నావా" అని అడిగితే "మా పనివేళలు ఉదయం 10 నుంచి సాయంత్రం 7 వరకు" అని వెళ్ళింది. ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా "ఆఫీసు తెరిచారా అండీ" అంటారు.

మొదటి వారం నేనే చెడగొట్టుకున్నా. ఆ మెసేజ్ వెళ్ళిన రెండు నిమిషాలకి మళ్ళీ నేనే జవాబిచ్చేవాణ్ణి, ఇక దాన్ని ఎవరు లెక్కచేస్తారు? రెండో వారం నుంచి ఫోన్‌ని ఆఫీసులోనే ఛార్జింగ్‌కి పెట్టి, వైఫై ఆన్‌లో ఉంచి, తాళం వేసి వచ్చేశా. నెట్ ఉంటేనే ఆ మెసేజ్ వెళ్తుంది, డేటా ఆపేస్తే లాభం లేదు. రాత్రిపూట ఓటీపీల గొడవ కూడా తగ్గింది, రిటర్ను వేశాక ఈ-వెరిఫై, అంటే ఓటీపీతో దాన్ని ఖరారు చెయ్యడానికి, ఎలాగూ 30 రోజులు టైముంది కదా.

కాల్స్‌ని మాత్రం ఇది ఆపదు, అవి మోగుతూనే ఉంటాయి, ఖాళీ ఆఫీసులో.

29, 30, 31 తేదీల్లో అవే మెసేజ్ తీసేసి, ఫోన్ ఇంటికి తెచ్చుకున్నా. ఆ మూడు రోజులూ హద్దుల్లేవు. ఆగస్టు 1న మళ్ళీ ఆన్ చేశా. ఆ రాత్రి మొదటి అవే మెసేజ్ అందుకున్నది "సార్, మన రిటర్ను ఇంకా వెయ్యొచ్చా" అన్నాయన.