మెడికేర్ ఫర్ ఆల్, పబ్లిక్ ఆప్షన్: ఎవరికి ఏది మేలు?

ఇవి అమెరికాలో ఆరోగ్య బీమాను మార్చే రెండు ప్రతిపాదనలు. మెడికేర్ అంటే అక్కడ ముఖ్యంగా 65 ఏళ్లు దాటినవాళ్లకు ఉన్న ప్రభుత్వ బీమా. 2020 అమెరికా ఎన్నికల పోటీలో సెనేటర్ బెర్నీ శాండర్స్ మొదటిది తెస్తానన్నారు, బైడెన్ రెండోది.

బీమా: మొదటిదాంట్లో ఆఫీసు ఇచ్చే ప్రైవేట్ ప్లాన్ పోయి, అందరికీ ప్రభుత్వ బీమాయే. రెండోదాంట్లో ఉన్నది ఉంచుకోవచ్చు, కావాలంటే ప్రభుత్వ ప్లాన్ కొనుక్కోవచ్చు.

ఖర్చు: మొదటిదాంట్లో ప్రీమియం ఉండదు, పన్ను పెరుగుతుంది. రెండోదాంట్లో ప్రీమియం ఉంటుంది, సబ్సిడీ కూడా.

చెల్లింపులు: అసలు పేచీ ఇక్కడే. ప్రైవేట్ బీమా కంపెనీలు ఆసుపత్రులకు సగటున మెడికేర్ రేటుకు దాదాపు రెట్టింపు ఇస్తాయి. అందరికీ మెడికేర్ రేటే అంటే, ఆ డబ్బు మీద నడిచే పెద్దాసుపత్రికి గట్టి దెబ్బ. కానీ బీమా లేనివాళ్లకు వైద్యం చేసి బిల్లు వసూలు కాక కుంగిపోయే పల్లె ఆసుపత్రికి ప్రతి పేషెంటుకూ ఎంతో కొంత వస్తుంది. నా దృష్టిలో అది చిన్న విషయం కాదు. పబ్లిక్ ఆప్షన్‌తో తగిలే దెబ్బ, దాంట్లో ఎంతమంది చేరతారన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఉద్యోగం పోతే బీమా కూడా పోతుందన్న టెన్షన్ ఉన్నవాళ్లకు మొదటిది నయం. ఉన్న ప్లాన్ నచ్చినవాళ్లకు రెండోది.