నాలుగేళ్లుగా మా కిటికీలకు పాత చీరలే కర్టెన్లు

హైదరాబాద్‌లో ఈ ఫ్లాట్‌కి మారిన కొత్తలో హాల్లోని ఆరడుగుల వెడల్పున్న కిటికీకి ఇకత్ కర్టెన్లు చూద్దామని ఒక షోరూంకి వెళ్లాను. కుట్టుకూలితో కలిపి 11,000 చెప్పారు. అదే నేత, అదే చిటికి (ఇకత్) డిజైను ఉన్న పోచంపల్లి నూలు చీర మా అత్తయ్య బీరువాలో ఊరికే ఉంది. "బరువని కట్టడం మానేశానమ్మా, పనికొస్తుందంటే తీసుకెళ్లు" అన్నారు. ఆ చీరే ఇప్పటికీ మా హాల్లో ఉంది. నాకైన ఖర్చు 700 లోపే.

కొలతలు చూస్తే చీర కర్టెన్ కోసమే నేశారా అనిపిస్తుంది. ఐదున్నర మీటర్లంటే 18 అడుగులు. ఐదడుగుల ఎత్తున్న ఆ కిటికీకి పైమడత, కిందిమడత కలుపుకుని ఒక్కో ముక్క ఐదుంముప్పావు అడుగులు తీసుకుంటే మూడు ముక్కలు వస్తాయి. పన్నా, అంటే బట్ట వెడల్పు, దాదాపు 46 అంగుళాలు. మూడూ పక్కపక్కన వేలాడదీస్తే కిటికీ వెడల్పుకు దాదాపు రెట్టింపు బట్ట అవుతుంది, కుచ్చులు నిండుగా పడతాయి. పక్కల చీర అంచే ఉంది కనుక అక్కడ కుట్టు అక్కర్లేదు. టైలర్ పైనా కిందా మాత్రమే కుట్టి, ముక్కకు 8 రింగులు వేశాడు. రింగులు సరిసంఖ్యలోనే ఉండాలి, లేకపోతే ఒక చివర లోపలికి, ఇంకో చివర బయటికి తిరుగుతుంది. కొంగు వచ్చిన ముక్కను మధ్యలో పెట్టాను. ఇంటికి వచ్చినవాళ్లు ముందు దాన్నే చూస్తారు.

ఇకత్‌నే ఎందుకు మెచ్చుకుంటున్నానంటే, దారాన్ని ముందే కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత నేస్తారు. రంగు దారంలోనే ఉంటుంది కాబట్టి బట్ట రెండు వైపులా ఒకేలా ఉంటుంది. ప్రింటు చీరకు వెనకవైపు వెలిసినట్టుంటుంది, కర్టెన్‌గా వేస్తే వీధిలోకి ఆ వైపే కనిపిస్తుంది. ఈ గుణమే తర్వాత నన్ను కాపాడింది. మా కిటికీ పడమర వైపు. రింగుల కర్టెన్ ఎప్పుడూ ఒకే చోట ముడుచుకుంటుంది, ఎండ కూడా అక్కడే తగులుతుంది. రెండో వేసవి అయ్యేసరికి మెరూన్ రంగు మీద నిలువుగా పాలిపోయిన చారలు వచ్చాయి. చాలా బాధేసింది. అప్పటినుంచి ఆరునెలలకోసారి వెనక్కి ముందుకి తిప్పి వేస్తున్నాను. చారలు పోలేదు, కానీ పెరగడం ఆగింది.

బెడ్‌రూంకి మా అమ్మ మంగళగిరి చీర వాడాను. పగలు వెలుతురు మెత్తగా వడకట్టినట్టు వస్తుంది, ఆ గదిలో నాకు అదే ఇష్టం. రాత్రి లైటు వేస్తే మాత్రం లోపలంతా బయటికి తెలుస్తుంది, కాబట్టి అస్తరు (లైనింగ్) తప్పనిసరి. అక్కడే తప్పు చేశాను. కొత్త పాప్లిన్ బట్టను తడపకుండా కుట్టించాను. మొదటి ఉతుకుకే అస్తరు కుంచించుకుపోయి చీర ఉబ్బెత్తుగా లేచింది. మొత్తం విప్పించి మళ్లీ కుట్టించాల్సి వచ్చింది. అస్తరు బట్టను ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆరాకే కత్తిరించండి.

ఫ్యాను గాలికి ఎగరకుండా కిందిమడతలో ఇనుప వాషర్లు పెట్టడం ఇంకో పొరపాటు. ఉతికాక తుప్పు మరకలు పడ్డాయి, ఆ మరకలు ఇంకా ఉన్నాయి. ఇప్పుడు కిందిమడతనే నాలుగంగుళాలు వెడల్పుగా, రెండు పొరలుగా పెట్టిస్తున్నాను. ఆ బరువు చాలు.

వంటింటికి వద్దు. నూనె జిడ్డు పట్టిన నేతబట్టను గట్టిగా రుద్దలేం. పట్టుచీరలు కూడా వద్దు, ఎండకు పట్టు త్వరగా జీర్ణిస్తుంది, మడతల దగ్గర చీలుతుంది. నూలు చీరైనా కత్తెర పెట్టే ముందు వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. కుచ్చిళ్ల దగ్గర, మడమ తగిలే చోట దారాలు పలచబడి ఉంటే ఆ భాగం దిండు గలీబులకు వాడుకోవచ్చు, కర్టెన్‌కి మాత్రం ఆగదు.

అమ్మ పెళ్లిచీర కూడా ఇస్తానంది. దానికి మాత్రం కత్తెర పెట్టలేదు. పాత పంచెలో చుట్టి బీరువాలో దాచాను.